1911 అంటే ఒక్క బిట్టేనా

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మా పిన్ని కొడుకు మొన్న చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఇటొచ్చాడు. వాడి నోట్సు తిరగేస్తే 1911 దగ్గర ఒకటే లైను, రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి. అంతే. పరీక్షకి చాలేమో గానీ ఆ ఏడాదికి మాత్రం అన్యాయం రా అన్నా.

డిసెంబర్ 12న ఢిల్లీలో దర్బార్, బ్రిటిష్ రాజు ఐదో జార్జి స్వయంగా దిగాడు. ఏదో వరాలిస్తున్నట్టు బెంగాల్ విభజన రద్దు, రాజధాని మార్పు రెండూ అక్కడే ప్రకటించారు. నాకైతే అది వరం కాదు, తోకముడవడం. 1905లో వైస్రాయ్ కర్జన్ బెంగాల్‌ని రెండు ముక్కలు చేస్తే జనం స్వదేశీ అంటూ విదేశీ బట్టలు తగలబెట్టి ఆరేళ్ళు బ్రిటిష్ వాళ్ళకి నిద్ర లేకుండా చేశారు, 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ వచ్చినప్పుడు ఆ సెగ రాజమండ్రికీ తగిలింది, చివరికి గీసిన గీత వాళ్ళే చెరుపుకుని ఆ గొడవల కలకత్తాని వదిలి పోయారు. పోయి కట్టుకున్న కొత్త ఢిల్లీ ప్రారంభమయ్యేసరికి 1931, ఇంకో పదహారేళ్ళకి మూటాముల్లె సర్దుకున్నారు.

అదే కలకత్తాలో జులై 29న మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్ కుర్రాళ్ళు, ఒక్కడు తప్ప అందరూ ఉత్తికాళ్ళతోనే, బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ కొట్టారు. వీడి నోట్సులో అదీ లేదు.

ఇక మన సిటీ సంగతి. ఆగస్టు 29న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఫలక్‌నుమాలో పోయాడు, వయసు 45. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే చాలు విషం దిగుతుందని నమ్మేవాళ్ళు అప్పటి జనం, అంత అభిమానం. పాతికేళ్ళ కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు, తండ్రి పోయి నాలుగు నెలలు కూడా కాకుండానే ఢిల్లీ వెళ్ళి సంస్థానాధీశులందరి కంటే ముందు ఆ రాజుకి సలాం కొట్టాల్సొచ్చింది, ఎందుకంటే నిజాందే మొదటి స్థానం. బరోడా రాజు గైక్వాడ్ మాత్రం ఒక్కసారి తల వంచి వీపు చూపించి నడిచెళ్ళిపోయాడు, దాని మీద ఇంగ్లీషు పేపర్లు ఎంత రచ్చ చేశాయో! కావాలని చేశాడో తడబడ్డాడో, నాకైతే కావాలనే చేశాడనుకోవడం ఇష్టం.

మనవాళ్ళు ఆ దర్బార్ ప్రకటనల నుంచి లాగిన పాయింటు ఇంకోటుంది. బెంగాలీలని మళ్ళీ కలిపారు, బీహార్ ఒరిస్సాల్ని విడిగా తీశారు, మరి మద్రాసులో తెలుగువాళ్ళ మాటేంటి అని. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ పెట్టేశారు. రాష్ట్రం చేతికొచ్చేసరికి 1953, అందులోనూ మన హైదరాబాద్ లేదు, ఇంకో మూడేళ్ళు ఆగాలి. ఇదంతా చెప్తే మావాడు, అన్నా ఇందులో ఎన్ని బిట్లొస్తాయి అన్నాడు.