టెంట్: బిగించి లాగడంలోంచి వచ్చిన మాట

గుడారానికి ఇంగ్లీషువాళ్లు వాడే ‘టెంట్’ అనే పేరు బిగువు నుంచి పుట్టింది. లాటిన్‌లో ‘టెండెరె’ అంటే సాగదీయడం, బిగించి లాగడం. అది పాత ఫ్రెంచి మీదుగా మధ్యయుగాల్లో ఇంగ్లీషులో చేరింది. టెన్షన్, ఎక్స్‌టెండ్, ఇవి కూడా ఆ క్రియ సంతానమే.

ఈ కుటుంబంలో నాకు బాగా నచ్చేది ‘టెంటర్‌హుక్’. ఉన్నిబట్టను ఉతికి ఊరికే వదిలేస్తే ముడుచుకుపోయి వంకర్లు తిరుగుతుంది. అందుకే టెంటర్ అనే చెక్క చట్రానికి వంగిన మేకులు కొట్టి, బట్ట అంచులు వాటికి తగిలించి, బిగువుగా ఆరబెట్టేవారు. తీవ్రమైన ఉత్కంఠలో ఉన్నవాణ్ణి టెంటర్‌హుక్స్ మీద ఉన్నాడనడం అక్కణ్ణుంచే వచ్చింది.

పాత వైద్య గ్రంథాల్లో టెంట్ కనబడితే మాత్రం గుడారం అనుకోకండి. గాయం పైపైన మూసుకుపోకుండా లోపల పెట్టే గుడ్డ చుట్ట అది. దాని మూలం తడిమి చూడడమనే అర్థమున్న ‘టెంటారె’. టెంట్ అనే పాతకాలపు వైన్ పేరుకు స్పానిష్ ‘టింటో’ ఆధారం, అంటే ముదురు రంగుది.

గుడారం వేసేవాళ్లకు మొదటి అర్థమే అక్కరకొస్తుంది. గుడ్డ వదులైతే గాలికి కొట్టుకుని కుట్లు తెగుతాయి, వాననీరు గుంటలు కట్టి నిలుస్తుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది కాబట్టి వాన మొదలయ్యాక తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు. ఆ తాడు పేరు ‘గై’. మనుషుల్ని పిలిచే ‘గై’, 1605లో ఇంగ్లండు పార్లమెంటును పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ పేరు నుంచి వచ్చింది; తాడు పేరుకు మూలం దారి చూపడమనే పాత ఫ్రెంచి మాట.