చేతిలో నాలుగు ఆకులు, కింద శూన్యం: స్కైబ్లాక్‌లో బయోమ్‌లు వెతికిన నా అనుభవం

మైన్‌క్రాఫ్ట్ నేను ఆడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఉద్యోగం మారే మధ్యలో నాకు రెండు నెలలు ఖాళీ దొరికింది, ఖమ్మంలో మా అక్క కొడుక్కి ఎనిమిదో తరగతి సెలవులు, "పిన్నీ నువ్వూ రా, ఒక్కడికే బోర్ కొడుతోంది" అన్నాడు. సరే పిల్లాడు అడిగాడు కదా అని, ఎవరింట్లో వాళ్లం ఉండి ఫోన్‌లో మాట్లాడుకుంటూ, ఆటలోకి వెళ్లాను. మామూలు ఆటే అయితే వారంలో వదిలేసేదాన్నేమో. వాడు నన్ను తీసుకెళ్లి పడేసింది స్కైబ్లాక్‌లో.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైన్‌క్రాఫ్ట్‌లో ప్రపంచమంతా బ్లాకులే, అంటే పెట్టెల్లాంటి ముక్కలు. మామూలు ఆటలో వాటితో చేసిన కొండలు, నదులు, గుహలు అన్నీ ఉంటాయి, కావలసింది తవ్వుకుని తెచ్చుకోవచ్చు. స్కైబ్లాక్‌లో అవేవీ లేవు. ఆకాశం మధ్యలో ఒక మట్టి దిమ్మ, దాని మీద ఒక చెట్టు, ఒక పెట్టె. పెట్టెలో ఒక బకెట్ లావా, రెండు మంచు గడ్డలు, ఒక పుచ్చకాయ ముక్క, ఇంకొంత చిల్లర సామాను. చుట్టూ ఏమీ లేదు, కిందా ఏమీ లేదు, కాలు జారితే అంతే. 2011లో నూబ్‌క్రూ అనే ఆటగాడు చేసిన మ్యాప్‌తో ఈ తరహా ఆట మొదలైంది, ఆ తర్వాత దానికి పిల్లలూ మనవలూ చాలా పుట్టాయి. మేం ఆడింది అలాంటి మనవడే.

అందులో ఒక తమాషా ఉంది. రాళ్లు, మట్టి, నీళ్లు అన్నీ తీసేశారు గానీ బయోమ్‌లు, అంటే ఏ చోటు ఏ రకం ప్రాంతమో చెప్పే లెక్క, తీయలేదు. అంటే ఎడారి ఉంది, ఇసుక లేదు. చిత్తడి నేల ఉంది, నేల లేదు. నువ్వు ఎక్కడ ఉన్నావో ఆటకి తెలుసు, నీకు మాత్రం ఎటు చూసినా ఆకాశమే. ఎఫ్3 కీ నొక్కితే బయోమ్ పేరు తెర మీద రాసి చూపిస్తుంది, కానీ మావాడు మొదటిరోజే రూలు పెట్టేశాడు, ఎఫ్3 ముట్టుకోకూడదని. "అది పరీక్షలో స్లిప్పు పెట్టినట్టు పిన్నీ" అన్నాడు. స్లిప్పుల సంగతి వీడికెలా తెలుసో నేను అడగలేదు.

మొదటి ఆట పది నిమిషాల్లో ముగిసింది, తప్పు నాదే. పారే లావాకి నీళ్లు తగిలితే మామూలు రాయి పుడుతుంది, ఆ రాయిని ఎన్నిసార్లు తవ్వినా మళ్లీ పుడుతూనే ఉంటుంది, స్కైబ్లాక్ మొత్తం బతికేది దాని మీదే. అదే నీళ్లు నేరుగా లావా మూలానికే తగిలితే అది నల్లగా గట్టిపడి అబ్సిడియన్ అయిపోతుంది. ఉన్నది ఒక్క బకెట్. నేను ఆత్రంగా మంచుగడ్డ పగలగొట్టాను, నీళ్లు కాలవలా వెళ్లి సరిగ్గా లావా నెత్తిన పడ్డాయి. ఫోన్‌లో కాసేపు మాట లేదు. తర్వాత వాడు చాలా మర్యాదగా, "పర్లేదు పిన్నీ, అందరూ ఒకసారి చేస్తారు" అన్నాడు. ప్రపంచం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాం.

రెండోసారి వాడే చేశాడు, నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. రాయి వచ్చింది. చెట్టు కొడితే ఆకుల్లో సుమారు ఇరవైకి ఒకటి చొప్పున మొక్క రాలుతుంది, మొదటి చెట్టుకి రెండు రాలాయి, అదృష్టం. ఆ వారమంతా రాళ్లు తవ్వడం, చీకటి గది కట్టడం, అందులో పుట్టిన జాంబీలని కొట్టడం. జాంబీ చస్తే ఎప్పుడో గానీ ఒక ఇనుప కడ్డీ పడదు. రెండు కడ్డీలు పోగయ్యాక నేను కత్తి అన్నాను, వాడు కత్తెర అన్నాడు. కత్తెర దేనికిరా అంటే అప్పుడు చెప్పాడు అసలు ప్లాను.

ఓక్ చెట్టు ఆకుల్ని కత్తెరతో కోస్తే ఆకు బ్లాకుగా చేతికి వస్తుంది. మనం పెట్టిన ఆకు వాడిపోదు, కానీ ఏ బయోమ్‌లో పెడితే ఆ బయోమ్‌కి తగ్గట్టు రంగు మారుతుంది. అంటే ఏమీ కనపడని చోట కూడా ఒక ఆకు పెట్టి చూస్తే ఏ దేశంలో ఉన్నామో తెలుస్తుంది, చూసుకుని మళ్లీ కత్తెరతో కోసి జేబులో వేసుకోవడమే. నాకు ఈ ఐడియా ఎంత నచ్చిందంటే ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మా అక్క అయితే, "రోజూ ఫోన్‌లో ఆకులు ఆకులు అంటుంటే ఇద్దరూ కలిసి ఎక్కడో తోట కొన్నారేమో అనుకున్నానే" అంది.

ఇక వంతెన. నిండు రాళ్లతో కడితే రెండు నష్టాలు, రాయి ఎక్కువ పడుతుంది, రాత్రి దాని మీద రాక్షసులు పుడతాయి. స్లాబులతో, అంటే సగం మందం పలకలతో, కడితే 3 రాళ్లకి 6 స్లాబులు వస్తాయి, దూరం రెట్టింపు, పైగా కింది సగంలో పెట్టిన స్లాబు మీద ఏదీ పుట్టదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే అంచు దాటి పడిపోం, కానీ నడక నత్తలా సాగుతుంది. అలా వెనక్కి నడుస్తూ, వంగి, ఒక్కొక్క స్లాబు పెట్టుకుంటూ వెళ్లాలి, చిటికెన వేలు తిమ్మిరెక్కేది. వీడేమో అటువైపు నుంచి నిమిషానికోసారి "కిందకి చూడకు పిన్నీ" అనేవాడు, అలా అన్నప్పుడల్లా చూసేదాన్ని.

మొదట తూర్పుకి వెళ్లాం. రెండు వందల బ్లాకులు పోయినా ఆకు ఇంటి దగ్గరి ఆకులాగే ఉంది. ఇంకాస్త పోయాక, ఒకచోట పెట్టగానే, ఉడికించిన గోంగూర రంగు! ఒక్కసారిగా కాదు, సరిహద్దు దగ్గర రెండు మూడు బ్లాకుల్లో కొంచెం కొంచెంగా మారుతుంది, ఆ మార్పు చూడటానికే నేను ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిరిగాను. అది చిత్తడి నేల. అక్కడ స్లైములు అనే జిగట జీవులు పుడతాయి, వాటి జిగురు ఉంటే అతుక్కునే పిస్టన్ చేయొచ్చు, వాడికి అది కావాలి.

పెద్ద అరుగు కట్టాను. రాత్రంతా ఎదురుచూశాం, ఒక్కటీ రాలేదు. చూస్తే నేను అలవాటు కొద్దీ అరుగు కూడా స్లాబులతోనే కట్టేశాను. అంతా పీకి నిండు రాళ్లతో మళ్లీ కట్టాను, మా వంతెన ఎత్తు 64, చిత్తడిలో స్లైములు పుట్టేది 51 నుంచి 69 మధ్య కాబట్టి ఎత్తు సమస్య లేదు. మనం మరీ పక్కనే నిలబడినా పుట్టవు, కనీసం 24 బ్లాకులు దూరం ఉండాలి, అదీ ఉన్నాం. మళ్లీ రాత్రంతా చూశాం. ఏమీ లేదు. నాకు చిరాకొచ్చి ఆకాశం వైపు చూస్తే చందమామ లేదు. ఈ ఆటలో కూడా అమావాస్య ఉంటుంది, చంద్రుడికి ఎనిమిది దశలు, చిత్తడి స్లైములు అమావాస్య నాడు అసలు రావు, పౌర్ణమికి ఎక్కువగా వస్తాయి. మా అమ్మ అమావాస్య రోజు ఏ పనీ మొదలుపెట్టొద్దంటే ఎన్నిసార్లు నవ్వానో, సరిగ్గా ఇక్కడ దొరికిపోయాను.

నాలుగు రాత్రులాగి పౌర్ణమికి వెళ్తే అరుగంతా స్లైములే. పెద్దదాన్ని కొడితే మధ్యరకంవి, వాటిని కొడితే చిన్నవి, జిగురు రాలేది ఆ చిన్నవాటి నుంచే. వాటికి బుద్ధి తక్కువ, మా మీదకి దూకబోయి సగం శూన్యంలోకే దూకాయి. చివరికి మిగిలింది ఐదు ఉండలు. వాడు వాటిని ఫ్రేములో పెట్టి గోడకి తగిలించినంత పని చేశాడు.

మధ్యలో ఒకసారి ఇంటి దిమ్మ మీదకి రెండు లామాలతో తిరుగుడు వ్యాపారి వచ్చాడు. శూన్యం మధ్యలో ఉన్న ఇంటికి కూడా అమ్ముకునేవాడు వస్తాడన్నమాట. అతను అడిగేది పచ్చలు, మా దగ్గర ఒక్కటీ లేదు. కాసేపు సరుకు చూపించుకుని వెళ్లిపోయాడు.

దక్షిణం వెళ్లింది నేనొక్కదాన్నే, వాడికి జ్వరం. దాదాపు నాలుగు వందల బ్లాకుల దగ్గర ఆకు పండిన వేపాకు రంగుకి తిరిగింది. ఇంటి దగ్గర వాన పడే సమయానికి ఇక్కడ మబ్బు తప్ప చుక్క లేదు. ఎడారే, సందేహం లేదు. సంబరంగా ఒక చిన్న అరుగు నిండు రాళ్లతో కట్టి, రాక్షసులు పుట్టకుండా వెలుగుకి పెట్టే టార్చులు తేలేదని గుర్తొచ్చి, సరేలే తెల్లారబోతోంది కదా అనుకుని ముందుకి వంతెన వేసుకుంటూ పోయాను. నలభై బ్లాకులు పోయాక తెల్లారింది. తెల్లారితే జాంబీలు కాలిపోతాయి, అది నాకు తెలిసిన లెక్క. ఎడారిలో పుట్టేది హస్క్, జాంబీకి వేలు విడిచిన చుట్టం, ఎండకి కాలదు, ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. వెనక అరుగు మీద పుట్టినది తాపీగా వంతెన మీద నడుచుకుంటూ వచ్చి వీపు మీద ఒక్కటి ఇచ్చింది. షిఫ్ట్ నొక్కితే మనంతట మనం పడం, ఎవరైనా తోస్తే మాత్రం పడతాం. ఒక బ్లాకు వెడల్పు వంతెన. కత్తెర, ఆకులు, మూడు కట్టల స్లాబులు, వారం దాచిన ఇనుము, అన్నీ నాతోపాటే పోయాయి. నేల మీద చస్తే సామాను అక్కడే పడి ఉంటుంది, వెళ్లి ఏరుకోవచ్చు. ఇక్కడ ఎక్కడికి వెళ్లి ఏరుకుంటాం?

నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది, ముప్ఫై నాలుగేళ్లు వచ్చి ఆటలో కత్తెర పోయిందని. వాడికి ఫోన్ చేసి చెప్పడానికి అరగంట పట్టింది. జ్వరంలోనే లేచి కూర్చుని, "హస్క్ కొడితే ఆకలి కూడా పెరుగుతుంది పిన్నీ, నువ్వు చచ్చిపోవడమే మంచిదైంది" అని ఓదార్చాడు.

మళ్లీ కత్తెరకి ఐదు రోజులు పట్టింది. ఉత్తరం ఇద్దరం కలిసి వెళ్లాం, ఈసారి టార్చులు రెండు కట్టలు. ఆకు పచ్చలో కొంచెం నీలం కలిసినట్టయింది, పాతిళ్ల కిటికీలకి వేసే పెయింటు రంగు, అప్పుడే మంచు మొదలైంది. మా అరుగు కాసేపట్లో తెల్లబడింది, వంతెన మాత్రం బోసిగానే ఉంది, సగం స్లాబు మీద మంచు నిలవదు. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి చదరం నుంచి ఒక బూడిదరంగు గీత ఇంటిదాకా. బకెట్‌తో తెచ్చిన నీళ్లు గుంటలో పోస్తే మెల్లగా గడ్డకట్టాయి. పెట్టెలో రెండంటే రెండు మంచు గడ్డలతో మొదలైనవాళ్లం కదా, నీళ్లున్నంతకాలం ఇక మంచుకి లోటు లేదని వాడు గంతులు. ఇక్కడి అస్థిపంజరాలు వేసే బాణం తగిలితే మనకి నడక మందగిస్తుంది, ఆ ఒక్కటీ చూసుకోవాలి. వాడు మంచుబొమ్మ చేసి ఎడారికి తీసుకెళ్దామన్నాడు, అక్కడికి పోతే వేడికి కరిగి చస్తుందని తెలిసీ. వద్దన్నాను.

చిత్తడి దాటి ఇంకా తూర్పుకి పోతే ఆకు మళ్లీ మామూలు రంగు. ఎంత దూరం పోయినా అదే. ఇదేదో మైదానమనుకున్నాను. వాడు వంతెన కింద నాలుగు బ్లాకుల దిగువన తొట్టి కట్టి నీళ్లు నింపాడు, దూరంగా పోయి తిరిగొచ్చేసరికి తొట్టిలో సముద్రంలో ఉండే స్క్విడ్ ఒకటి తిరుగుతోంది. సముద్రం! చుక్క నీరు లేని సముద్రం మీద ఐదు వందల బ్లాకులు నడిచామన్నమాట.

దాని మధ్యలోనే, సెలవులు ఇక నాలుగు రోజులున్నాయనగా, ఆకు తడిపిన కొత్తిమీర కట్టలా మెరిసింది. అడవి అయినా కావాలి, పుట్టగొడుగుల దీవి అయినా కావాలి, రెండింటి పచ్చా దాదాపు ఒకటే. తేడా తేల్చడానికి ఒకటే దారి. పుట్టగొడుగుల దీవిలో రాక్షసులు వాటంతటవి పుట్టవు. పెద్ద అరుగు, నిండు రాళ్లతో, ఒక్క టార్చు లేకుండా కట్టి, నలభై బ్లాకుల అవతల వంతెన మీద ఇద్దరం కూర్చున్నాం. ముందురోజు రాత్రే పడుకుని లేచాం కాబట్టి పైనుంచి వచ్చే ఫాంటమ్‌ల గొడవ కూడా లేదు. చందమామ పైకొచ్చింది, దిగింది. అరుగు మీద ఏదీ కదల్లేదు. ఆ చీకట్లో వాడు స్కూలు మారుతున్న సంగతి, కొత్త స్కూల్లో ఎవరూ తెలియదన్న సంగతి చెప్పాడు, అక్క నాతో అప్పటికే చెప్పింది గానీ మొదటిసారి విన్నట్టే విన్నాను.

తెల్లారాక అక్కడ చెట్టు వేద్దామన్నాడు. చెట్టుకి మట్టి కావాలి, మా ప్రపంచంలో మట్టి అంటే ఇంటి దిమ్మ తప్ప ఇంకెక్కడా లేదు, ఒక్క బ్లాకు తీయాలన్నా ఇద్దరం వాదించుకునేవాళ్లం. ఈసారి వాడే వెళ్లి దిమ్మ మూల నుంచి ఒకటి తవ్వి, అంత దూరం మోసుకొచ్చి పెట్టాడు. పడిపోతాడేమోనని దారంతా నాకు టెన్షన్. మొక్క పెట్టాం, ఓక్ మొక్క, ఇంటి చెట్టుదే. అది మర్నాటికి పెరిగింది, ఆకులు కొత్తిమీర రంగులోనే వచ్చాయి.

స్కూలు తెరిచారు, నాకూ కొత్త ఉద్యోగం మొదలైంది. ఆదివారాలు మాత్రం వెళ్తున్నాం. నా దగ్గర మూడు ఆకులున్నాయి, కత్తెర అరిగిపోవస్తోంది, పడమర వైపు ఇంకా ఒక్క స్లాబు కూడా వేయలేదు.