స్వరం లేని ప్రార్థన: నా అనుభవం

వారాసిగూడలోని మా రెండు గదుల ఇంట్లో ఏకాంత ప్రార్థనకు చోటూ వేళా కుదుర్చుకోవడం కష్టం కాలేదు. తెల్లవారకముందే లేచి, ఫోను వంటగదిలో వదిలేసి, వెనక గదిలో కూర్చునేదాన్ని. మనసు చెదరకుండా బైబిల్లోని 131వ కీర్తన సాయపడింది. ఉన్నవి 3 వచనాలే కాబట్టి నెమ్మదిగా చదివి, పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గరున్నట్టు తన ప్రాణం నిమ్మళించిందని దావీదు చెప్పిన మాట దగ్గర ఆగిపోయేదాన్ని.

నన్ను కుంగదీసింది మా వీధిలో శుక్రవారం రాత్రి జరిగే గృహకూడిక. అక్కడ అందరూ ఒకేసారి బిగ్గరగా ప్రార్థిస్తారు. అలా ప్రార్థించేవారిని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. కానీ నేను కళ్లు మూసుకుని మౌనంగా ఉండటం చూసి, కూడిక నడిపే పెద్దాయన పాట ఆపించి, "సిస్టర్, నోరు తెరవండి. నోరు తెరవని చోట ఆత్మ పని చేయదు" అని అందరి ముందూ అన్నారు. అంతటితో ఊరుకోక, ఇద్దరు ఆంటీలతో నా తలమీద చేతులు పెట్టించి, నాలో ఏదో బంధకం ఉందనీ అది తెగిపోవాలనీ ప్రార్థన చేయించారు. మా అత్తయ్య అక్కడే కూర్చుని ఉన్నారు. ఇంటికి నడిచి వచ్చినంతసేపూ ఆవిడ నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా రోజులు, వెనక గదిలో కూర్చోగానే ఆ పెద్దాయన గొంతే వినబడేది. నేను ఇన్నాళ్లూ చేసింది ప్రార్థనేనా, దేవుడు అసలు విన్నాడా అన్న సందేహం నన్ను తినేసింది.

నన్ను నిలబెట్టింది బైబిల్లోని హన్నా, బిడ్డ కోసం దేవుణ్ణి వేడుకున్న స్త్రీ. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. అయితే ఆమె జవాబు విన్నాక, క్షేమంగా వెళ్లమని ఆయనే దీవించాడు. తొందరపడి నిందించడంలో ఏలీని పోలిన పెద్దలకు, విని దీవించడం మాత్రం ఎందుకు చేతకాదో నాకు అర్థం కాదు. కర్మెలు కొండ మీద అగ్నితో జవాబు పొందిన ప్రవక్త ఏలీయాకు సైతం, తర్వాత హోరేబు కొండ దగ్గర కనిపించిన అగ్నిలో యెహోవా లేడు. అటు తర్వాతే మిక్కిలి నిమ్మళమైన స్వరం వినబడింది.

హన్నా గురించీ, హోరేబు దగ్గర ఏలీయా గురించీ ఉన్న ఆ రెండు అధ్యాయాలు చదువుకుంటూ మళ్లీ కూర్చోగా కూర్చోగా, ఒక ఉదయం నేను అడగాలనుకున్నవేవీ అడగాలనిపించలేదు. వెలుగూ లేదు, మాటా లేదు. నాకంటే ముందే ఆయన ఆ గదిలో ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ నచ్చజెప్పనవసరం లేనంత స్పష్టంగా తెలిసింది, కళ్లనీళ్లు ఆగలేదు.

మీ మౌన ప్రార్థన గురించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకండి. ఇంట్లో చోటు లేకపోతే, మీది ఏ సంఘమైనా సరే, సికింద్రాబాద్‌లో 1850 నాటి సెయింట్ మేరీస్ లాంటి పాత చర్చిలో ఆరాధన లేని వేళ వెనక బల్ల మీద కూర్చోండి. నేను శుక్రవారం కూడిక మానేశాను. కారణం అడిగినవారికి సమూయేలు మొదటి గ్రంథం 1వ అధ్యాయం, 12 నుంచి 17 వచనాలు చదవమని చెబుతున్నాను.