అబాయ్ పెట్టిన పేరు

కజకిస్తాన్‌లో సెమెయ్ నుంచి జీదెబాయ్‌కి కారులో బయల్దేరితే గంటల తరబడి గడ్డి మైదానమే. కజక్ మహాకవి అబాయ్ (1845–1904) చలికాలాలు గడిపిన ఇల్లు అక్కడుంది. ఇప్పుడది మ్యూజియం. దగ్గర్లోనే ఆయన సమాధి మందిరం, ఆ మైదానంలో తెల్లగా మెరిసిపోతూ.

అబాయ్ కోసమే వెళ్లాను. కానీ నా మనసు ఆయన రెండో భార్య పేరు దగ్గర ఆగిపోయింది. పుట్టింట్లో ఆమె పేరు షుకిమన్. మంచి గాయని. అబాయ్ మొదటి పెళ్లి ఆయన తండ్రి కునన్‌బాయ్ కుదిర్చింది. ఈమెను మాత్రం అబాయ్ ఇష్టపడి చేసుకుని, ఐగెరిమ్ అని పిలుచుకున్నాడు. ‘ఐ’ అంటే చంద్రుడు, ‘కెరిమ్’ అంటే అపురూపమైనది, చూడచక్కనిది. మనకు చంద్రుడు మామ. వాళ్లకు ఆడపిల్లల అందం: ఐగుల్, ఐసులు, ఐజాన్, అన్నీ చంద్రుడి పేర్లే.

రెండు మాటలూ కలిసేసరికి ‘కెరిమ్’లో క కాస్తా గ అయింది. కూర, కాయ కలిస్తే మనం కూరగాయ అనమూ? అంత దూరంలో, మన భాషతో చుట్టరికం లేని భాషలో అదే పద్ధతి కనిపిస్తే ఎంత సంతోషం వేసిందో!

అబాయ్ అన్నదీ పెట్టిన పేరు కాదట. అసలు పేరు ఇబ్రాహీమ్. ఆచితూచి నడిచేవాడని నాయనమ్మ జెరే ముద్దుగా అలా పిలిచింది, అదే నిలిచిపోయింది. పాతకాలంలో కజక్ కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు, వాళ్లకు తామే వేరే పేర్లు కల్పించుకునేవారు. మా నానమ్మ కూడా తాతయ్య పేరు ఎన్నడూ పలకలేదు. ఎవరైనా అడిగితే మా చేత చెప్పించేది.

తిరిగి సెమెయ్ వచ్చాక, తర్వాత ఆల్మాటీలోనూ ఐగెరిమ్ అన్న పిలుపు తరచూ వినిపించింది. షుకిమన్ అన్న పేరు మాత్రం ఒక్కసారీ వినలేదు. మొగుడు ప్రేమగా పెట్టిన పేరే అయినా, దాని వెనక పుట్టింటి పేరు మరుగున పడిపోవడం నాకు బాధగానే ఉంది. జీదెబాయ్ వెళ్లేవాళ్లు మ్యూజియంలో ఐగెరిమ్ గురించి అడిగినప్పుడు, దయచేసి షుకిమన్ అన్న పేరుతోనే అడగండి.