చేతివాటం

పదకొండు దాటినా నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం సరుకులకి వెళ్లినప్పటి మంట ఇంకా ఆరలేదు. ఈయనకి చెబితే "మళ్లీ మొదలెట్టావా" అని అటు తిరిగి పడుకున్నారు.

గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి నా బిల్లు చూడకుండానే పంచ్ కొట్టి "వెళ్లండి మేడం" అన్నాడు. నా వెనక వెలిసిపోయిన నైలాన్ చీరావిడ సంచీ మాత్రం బల్ల మీద కుమ్మరించాడు. గోధుమపిండి, రెండు బట్టల సబ్బులు, రంగు పెన్సిళ్ల డబ్బా. బిల్లులో ఒక్కో వరస మీద వేలు పెట్టి చదువుతుంటే ఆవిడ తల దించుకుని నిలబడింది. పైన బోర్డు: షాప్‌లిఫ్టింగ్ నేరం.

డబ్బున్నవాళ్ల దొంగతనానికి పెట్టుకున్న నాజూకు పేరు కాబోలని తిట్టుకుంటూ ఫోన్లో వెతికాను. కాదు, లండన్ దొంగల సొంత మాటే. 1590ల మొదట్లో రాబర్ట్ గ్రీన్ వాళ్ల ఎత్తుగడలు బయటపెడుతూ రాసిన చిన్న పుస్తకాల్లో ‘లిఫ్ట్’ అంటే కొట్లో సరుకు లేపేసేవాడు. పెద్దమనిషిలా తయారై, పైన అంగీ కూడా లేకుండా వస్తాడు, దాచుకోడానికి చోటేదీ అన్నట్టు. వర్తకుడు అటు తిరగ్గానే సరుకు పక్కవాడి చేతికి, అక్కణ్ణుంచి కిటికీ బయట తిరుగుతున్న మూడోవాడికి. అంటే అనుమానించాల్సింది నాలాంటి ఇస్త్రీ చీరని!

ఆ లెక్కన మా అమ్మమ్మ కూడా దొంగే. తెనాలిలో శెట్టిగారి కొట్లో, అంచు మడిచిన పుట్నాల బస్తా పక్కనే నిలబడి కందిపప్పు ధర అడిగేది. గుప్పెడు తన నోట్లో, గుప్పెడు నా చేతిలో. శెట్టిగారు తక్కెడ ముల్లు కేసే చూస్తూ "పప్పు బాగుందామ్మా?" అనేవారు. "కాస్త మాడింది శెట్టీ" అనేది. ఎన్నడూ పావుకిలో కొన్న పాపాన పోలేదు.

ఆ అబ్బాయిని మాత్రం ఏమనాలి, సరుకు తగ్గితే వాడి జీతంలోనే కోస్తారేమో. ఊహూఁ, అనాల్సిందే. నా సంచీ కూడా కుమ్మరించి ఉంటే ఇంత మండేది కాదు.

ఇంగ్లండులో 1699 చట్టం ప్రకారం కొట్లో గుట్టుగా ఐదు షిల్లింగుల సరుకు తీస్తే ఉరి. దాన్ని ఎత్తేద్దామని 1810లో రొమిలీ అనే ఎంపీ తెచ్చిన బిల్లును ప్రభువుల సభ కొట్టేసింది. జూరీలే చాలాసార్లు సరుకు విలువ నాలుగు షిల్లింగుల పది పెన్నీలని తేల్చి మనిషిని బతికించేవారు. ఆ జూరీల్లో కొట్లు నడిపేవాళ్లు కూడా ఉండేవారు.