షాఫ్ట్ వచ్చేదాకా నీల్ దీవిలో

వానాకాలం వెళ్ళాక అండమాన్ సముద్రం శాంతిస్తుంది. అయితే వానలకు అడవుల్లోంచి కొట్టుకొచ్చిన దుంగలు మాత్రం ఇంకా సగం మునిగి తేలుతూ ఉంటాయి. అలాంటి దుంగ ఒకటి మా బోటు అడుగున తగిలింది. ఇంజిన్ ఆగలేదు కానీ, బోటంతా వణకడం మొదలైంది. చిన్నాన్న వెంటనే ఇంజిన్ కట్టేసి వెనక చెక్క ఎత్తి చూశాడు. ఇంజిన్ నుంచి ఫ్యానుకు, అంటే నీళ్ళలో తిరిగే రెక్కల చక్రానికి, పోయే ఇనప కడ్డీ షాఫ్ట్. అది బయటికి పోయే చోట నీళ్ళు ధార కట్టి లోపలికి వస్తున్నాయి. నేను బకెట్‌తో తోడుతూ కూర్చున్నాను. తెలిసినవాళ్ళ బోటు ఒకటి దగ్గర్లోనే ఉండబట్టి, తాడు కట్టి మమ్మల్ని నీల్ దీవి జెట్టీ దాకా లాక్కొచ్చింది.

మాది పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్. 2024లో ఊరి పేరు శ్రీవిజయపురం అయింది కానీ మా ఇంట్లో ఇంకా పాత పేరే. తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా వీధిలో చాలా ఇళ్ళ కథ ఇదే. నీల్ పక్క నుంచి చిన్నప్పటి నుంచీ పోతూనే ఉన్నా, ఆ నేల మీద కాలు పెట్టింది మాత్రం ఇదే మొదటిసారి. వేటకు పోయేవాళ్ళకు దీవి అంటే దూరం నుంచి కనిపించే పచ్చని గీత, దాని చుట్టూ రాళ్ళు ఎక్కడున్నాయన్న లెక్క, అంతే.

జెట్టీ దగ్గర పోలీసులు మా కార్డులు, బోటు కాగితాలు చూసి రాసుకున్నారు. పెట్టెలో ఉన్న కోనాం చేపల్ని ఐస్ కరగకముందే బజారులో హోటళ్ళకు అమ్మేశాం. ఇక మిగిలింది రిపేరు. నీళ్ళ కింద ఉన్న షాఫ్ట్‌ను విప్పాలంటే బోటు ఆరిన నేల మీద ఉండాలి. నీల్‌లో బోటును పైకి లాగే ఏర్పాటు మాకు దొరకలేదు. ఉన్న దారి ఒక్కటే, పోటుకు ఒడ్డెక్కించి, ఆటుకు నీళ్ళు వెనక్కి తీశాక పని చేసుకోవడం. మా అదృష్టం కొద్దీ పౌర్ణమి దగ్గరపడుతోంది. ఇక్కడ పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్ళు రెండు మీటర్ల దాకా ఎక్కి దిగుతాయి.

జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్. అక్కడే ఎక్కించేద్దాం అన్నాను. చిన్నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. "కింద పగడం ఉందిరా. మన బోటు బరువుకు పిండి అయిపోద్ది" అన్నాడు. 2010లో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడి చచ్చిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఊళ్ళో ఒక బెంగాలీ పెద్దాయన్ని అడిగితే, ఉత్త ఇసుక ఉన్న చోటు చూపించాడు. పొద్దున పోటుకు బోటును అక్కడ ఎక్కించి రెండు వైపులా మొద్దులు ఆనించాం. మధ్యాహ్నానికి అడుగంతా బయటపడింది.

ఫ్యాను రెక్క ఒకటి వంగింది. షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూస్తే వంకర కంటికే తెలుస్తోంది. ముందు చుక్కాని విప్పాలి, అది అడ్డం తొలగితే తప్ప షాఫ్ట్ వెనక్కి రాదు. తుప్పు పట్టిన బోల్టులకు డీజిల్ పోసి, కాసేపు నాననిచ్చి, సుత్తితో కొట్టి కొట్టి కదిలించాం. షాఫ్ట్ బయటికి లాగాక ఆ కన్నంలోకి చెక్క బిరడా చెక్కి, గ్రీజు పూసిన గుడ్డ చుట్టి దిగ్గొట్టాం. సాయంత్రం పోటు మొదలయ్యేలోపు ఇదంతా అయిపోవాలి. రాత్రి నీళ్ళొచ్చి బోటు తేలాక టార్చి వేసి చూశాం. చుక్క నీరు కూడా రాలేదు. షాఫ్ట్‌నూ ఫ్యానునూ గోనెసంచిలో చుట్టి మర్నాడు ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ పంపించాం. అక్కడ లేతు మీద సరి చేయించి తిరిగి పంపే బాధ్యత మా బావది.

చేసేదేమీ లేకుండా ఉండాల్సి వచ్చేసరికి మొదట టెన్షన్‌గానే ఉంది. వేట పోయినట్టే, ఖర్చు ఎంతవుతుందో తెలీదు. చిన్నాన్న బోటు దగ్గరే ఉండి అతుకుల్లో పత్తి కూరి గుగ్గిలం పట్టిస్తానన్నాడు. "నువ్వు ఊరు చూసి రా" అని నన్ను పంపేశాడు. సైకిలు అద్దెకు తీసుకున్నాను.

దీవి లోపల ఇంత వ్యవసాయం ఉంటుందని నేననుకోలేదు. వంగ, బెండ, టమాటా మళ్ళు, అరటి తోటలు, పోక చెట్లు, మధ్యలో వరి. మా ఇంటికి జంగ్లీఘాట్ బజారు నుంచి వచ్చే కూరల్లో చాలావరకు ఇక్కడివే. 1960లలో తూర్పు బెంగాల్ కాందిశీకులకు ఇక్కడ భూములిచ్చారు. అడవి నరికి మళ్ళు చేసుకున్నవాళ్ళ పిల్లలు, మనవలు ఇప్పుడు సాగు చేస్తున్నారు. సీతాపూర్, రాంనగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, ఇలా రామాయణమంతా ఊళ్ళ పేర్లలోనే ఉంది. నీల్ అన్న పేరు 1857 తిరుగుబాటును క్రూరంగా అణచిన బ్రిటిష్ అధికారిది. 2018లో దాన్ని షహీద్ ద్వీప్‌గా మార్చారు. ఆ మార్పు నాకు నచ్చింది, అయినా నోట్లోంచి నీల్ అనే వస్తోంది.

సీతాపూర్‌లో సున్నపురాయి గట్ల కింద కూర్చుని సూర్యోదయం చూశాను. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మేమున్నది దానికి పది డిగ్రీలు తూర్పున. అందుకే ఈ నెలల్లో ఐదుంపావుకల్లా పొద్దు గూకిపోతుంది, పని వెలుగు తక్కువ.

పౌర్ణమి నాడు మధ్యాహ్నం మూడింటికి లక్ష్మణ్‌పూర్ వైపు హౌరా బ్రిడ్జి అని పిలిచే రాతి వంతెన దగ్గరికి వెళ్ళాను. పోటు మీద ఉన్నప్పుడు అక్కడికి నడవలేం. నీళ్ళు తీస్తే రాళ్ళ మధ్య గుంటలు బయటపడతాయి. గైడు కుర్రాడు ఒక గుంట దగ్గర వంగి, చెయ్యి పెట్టొద్దని సైగ చేశాడు. రాతిలో పాతుకుపోయిన పెద్ద ఆల్చిప్ప. నోరు కాస్త తెరిచి ఉంది, అంచుల్లో నెమలి రంగు మాంసం అలలు అలలుగా మడతపడి ఉంది. నా నీడ పడగానే మెల్లగా మూసుకుంది. పక్కనే నల్లటి సముద్ర దోసకాయలు. వీటిని పట్టడం చట్టరీత్యా నేరమని మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. కానీ అవి బతికే చోటును అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పగడాన్ని చూసి చిన్నాన్న బోటు ఎక్కించనన్నది ఎందుకో అక్కడ నాకు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు ఫెర్రీలో షాఫ్ట్ వచ్చింది. ఆ రోజు నీళ్ళు బాగా తీసేసరికి దాదాపు ఐదు. టార్చి వెలుగులోనే షాఫ్ట్ ఎక్కించి, షాఫ్ట్ చుట్టూ నీళ్ళు రాకుండా ఆపే గ్లాండులో కొత్త గ్రీజు తాడు చుట్టి, చుక్కాని బిగించాం. గ్లాండు మరీ బిగించేస్తే షాఫ్ట్ వేడెక్కి అరిగిపోతుంది. తిరిగేటప్పుడు ఒక్కో చుక్క కారుతూ ఉంటేనే సరైన బిగింపు. రాత్రి పోటుకు బోటు తేలాక ఇంజిన్ వేసి చూశాం. వణుకు లేదు, చుక్క సరిగ్గా పడుతోంది. తెల్లవారగానే రెండు బస్తాల వంకాయలు కూడా ఎక్కించుకుని జంగ్లీఘాట్‌కు బయల్దేరాం. అమ్మ నీల్ చూడలేదు. వచ్చే పౌర్ణమికి ఆవిణ్ణి ఫెర్రీలో తీసుకెళ్ళాలని టికెట్ల సంగతి అప్పుడే బావకు చెప్పేశాను.