బట్ జాయింటూ, ఈయనగారి టార్చిలైటూ

పదకొండున్నర దాటింది. జుట్టునిండా ఇంకా తెల్లపొడే. పడుకుందామంటే కోపం నిద్ర పట్టనివ్వడం లేదు.

మా బేస్‌మెంట్‌లో డ్రైవాల్ గోడలు, అంటే జిప్సం షీట్లవి, మేమిద్దరమే వేసుకుంటున్నాం. షీట్లు బిగించడం ఈయన, వాటి మధ్య జాయింట్లు పూడ్చడం నేను. పొడవు అంచులవి చక్కగా కుదిరాయి. అక్కడ షీటు కాస్త పల్చబడి ఉంటుంది, మడ్ (జాయింట్లు పూడ్చే ముద్ద) రాసి పేపర్ టేపు పెట్టి, వెడల్పాటి తాపీలాంటి నైఫుతో నొక్కుతూ లాగితే ఆ పల్లంలో సర్దుకుంటుంది. ముందు 6 అంగుళాల నైఫు, ఆరాక 10, ఆపైన 12. నైఫు ఒక్క ఊపులో జారి మడ్ నున్నగా పరుచుకుంటే భలే ఉంటుంది.

గొడవంతా పొట్టి అంచులు కలిసే బట్ జాయింట్ల దగ్గరే. అక్కడ పల్లం ఉండదు. టేపు, దాని మీద మడ్, ఎంత పల్చగా రాసినా ఉబ్బు ఉబ్బే. గీకామా, టేపు బయటపడుతుంది. అటో అడుగు ఇటో అడుగు మడ్ పరిచి ఆ ఎత్తు కంటికి ఆనకుండా చెయ్యడమే దారి. నేను చేస్తున్నదీ అదే. అన్నం తిని కిందికి దిగిన మహానుభావుడు ఫోన్ టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వేసి, "ఇక్కడ ఎత్తుగా ఉందే" అన్నారు. అలా వేస్తే తాజ్‌మహల్ గోడైనా ఎత్తుపల్లాలే కనిపిస్తుంది! 12 అడుగుల షీట్లు తెస్తే ఇన్ని బట్ జాయింట్లు ఉండేవా? మెట్ల మలుపులో తిరగవని 8 అడుగులవి తెచ్చిందెవరు? నిజమే, తిరగవు. అయినా సరే.

తెనాలిలో మేడ మీద గదులకి ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీ గుర్తొచ్చాడు. సిమెంటు గోడకి పూటపూటా నీళ్ళు కొట్టాలని, ఎండిందంటే బీటలిస్తుందని ఆ పని పిల్లలకి అప్పజెప్పాడు. వేసవి సెలవులు, చేతిలో పైపు, ఇంకేం కావాలి! అమ్మమ్మ మంచం మీద పరిచిన వడియాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆవిడ మమ్మల్ని వదిలేసి మేస్త్రీని దులిపేసింది. పాపం ఆయన "మామ్మగారూ, గోడ మాత్రం గట్టిపడిందండీ" అన్నాడు. ఇక్కడేమో గోడ తడి ఆరాలని డీహ్యూమిడిఫైయర్ రాత్రింబవళ్ళు మోగుతోంది. న్యూజెర్సీ ఆగస్టులో బేస్‌మెంట్ తేమకి ఒక్కో కోటుకి ఒక రోజు కూడా చాలడం లేదు. నలభై అయిదు నిమిషాల్లో గట్టిపడే పొడి కలుపుకోవచ్చు గానీ, దాన్ని శాండింగ్ చేయాలంటే, అదే, గరుకు కాగితంతో రుద్దాలంటే భుజాలు పడిపోతాయి.

ఆ మేస్త్రీ కూడా తన గోడకి తనే బద్ద ఆనించి, కింద సందులోంచి వెలుతురు కనబడితే మళ్ళీ గీకేవాడు. ఎవరూ అడక్కుండానే. ఆ లెక్కన టార్చి వేయడంలో తప్పు లేదేమో. ఆ గోడ చివర కిటికీ కూడా ఉంది, పొద్దుటి ఎండ గోడ వెంటే పాకుతుంది. రంగు వేశాక ఆ ఉబ్బు రోజూ నన్ను పలకరిస్తుంది. అక్కడ బొమ్మలకొలువు బీరువా పెట్టేస్తే? ఊహూఁ, బీరువా వెనక ఉందని నాకు తెలుసుగా.

సరే, టార్చి మంచిదే. ఆ గొంతే బాలేదు.

రేపు మూడో కోటు ఇంకాస్త వెడల్పుగా నేనే లాగుతాను. ఆరాక శాండింగ్ మాత్రం ఆయనదే. దుమ్ము దేవుడి గదిలోకి ఎక్కకుండా మెట్ల దగ్గర ప్లాస్టిక్ కట్టడం కూడా ఆయనే.